తక్కెడ ఎవరి చేతిలో?

మే 20 అంతర్జాతీయ క్లినికల్ ట్రయల్స్ దినం. 1747లో అదే రోజున బ్రిటిష్ యుద్ధనౌక సాలిస్‌బరీలో సర్జన్‌గా ఉన్న జేమ్స్ లిండ్ ఒక పని చేశాడు. స్కర్వీతో చిగుళ్లు చివికి, నిలబడే ఓపిక లేని పన్నెండు మంది నావికులను తీసుకుని ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలు చేశాడు. అందరికీ ఒకే తిండి, ఒకే చోట పడక. మందొక్కటే వేరు. ఒక జతకు సముద్రపు నీళ్లు, ఒక జతకు వెనిగర్, మరో జతకు గంధకామ్లం కలిపిన చుక్కలు, ఇలా సాగింది. ఒక జతకు మాత్రం రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మకాయ ఇచ్చాడు. ఆరు రోజులు తిరిగేసరికి ఆ ఇద్దరిలో ఒకడు లేచి పనిలోకి వెళ్లాడు. పెద్దలు చెప్పారని నమ్మకుండా పోల్చి చూసి తేల్చుకునే పద్ధతికి ఆద్యుడని ఇవాళ లిండ్‌ను తలుచుకుంటాం.

తరువాత జరిగింది అంతగా చెప్పుకోం. లిండ్ తన పుస్తకం అచ్చు వేసింది 1753లో. నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది 1795లో. మధ్యలో నలభై రెండేళ్లు! లిండ్ తానే తన ఫలితాన్ని గట్టిగా నొక్కి చెప్పలేకపోయాడన్నది నిజమే. కానీ అదే కాలంలో స్కర్వీకి మొలకధాన్యపు కషాయం మందంటూ మరో వాదం బలంగా నడిచింది. శరీరంలో కుళ్లు పుట్టడమే వ్యాధి అని నమ్మిన సర్ జాన్ ప్రింగిల్ ఆ వాదానికి పెద్ద దిక్కు. ఆయన రాయల్ సొసైటీ అధ్యక్షుడు కూడా. తన నౌకలో నావికుల ఆరోగ్యం కాపాడిన తీరు మీద కెప్టెన్ కుక్ రాసిన పత్రం ఆ కషాయాన్ని మెచ్చుకుంది. 1776లో దానికి రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. ఇందులో ఎవరూ ఎవరికీ డబ్బు ముట్టజెప్పినట్టు లేదు. ఉన్నదల్లా ఒక పెద్దమనిషికి తన సిద్ధాంతం మీద మమకారం, ఆయన చేతిలో పతకాలు పంచే అధికారం. ఈలోగా చనిపోయినవాళ్లు నావికులు.

వైద్య పరిశోధనలో విరుద్ధ ప్రయోజనాలు అనగానే మనకు కవరులో పెట్టి ఇచ్చే నోట్లు గుర్తుకొస్తాయి. విషయాన్ని అంత చిన్నది చేస్తే అసలు జబ్బు చేతికి దొరకదు. లంచం తిన్న డాక్టరును పట్టుకుని శిక్షించవచ్చు. చిక్కంతా నిజాయతీగా పనిచేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మే శాస్త్రవేత్తతోనే. ఆయన జీతం, ల్యాబు, విదేశీ సదస్సు, పేరు ప్రతిష్ఠలు ఫలానా ఫలితం వస్తేనే నిలుస్తాయి. రైతు తెచ్చిన పత్తిని వ్యాపారి తన కాటా మీదే తూస్తే యార్డులో గొడవ ఎందుకవుతుంది? వ్యాపారి దొంగ అని రుజువైనందుకు కాదు. తూకం వల్ల లాభపడేవాడి చేతిలో తూకం ఉండకూడదన్న ఇంగితం రైతుకు ఉంది గనుక. ఆ పాటి ఇంగితాన్ని వైద్యశాస్త్రం నేర్చుకోవడానికి దశాబ్దాలు పట్టింది. నేర్చుకున్నది కూడా సగమే.

పొగాకు కంపెనీల సంగతి పాతదే. 1954 జనవరిలో అమెరికాలో 400కు పైగా పత్రికల్లో ప్రకటన వేసి, సిగరెట్ వల్ల కేన్సర్ వస్తుందో రాదో మేమే పరిశోధన చేయిస్తామని చెప్పి, దశాబ్దాల పాటు సందేహాన్ని సాగు చేశాయి. పంచదార కథ అంత మందికి తెలియదు. 1965లో అమెరికా చక్కెర పరిశ్రమ సంస్థ గుండెజబ్బులపై ఒక సమీక్షా వ్యాసం రాయించుకునేందుకు హార్వర్డ్ పరిశోధకులకు 6,500 డాలర్లు ఇచ్చింది. 1967లో ఆ వ్యాసం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. నేరం కొవ్వుదని, పంచదార మీద సాక్ష్యం బలహీనమని దాని సారాంశం. డబ్బు ఎవరిచ్చారో అందులో లేదు. చెప్పాలన్న నియమం ఆనాటికి లేదు కూడా. కాలిఫోర్నియా పరిశోధకులు పాత ఉత్తరాలు తవ్వి 2016లో బయటపెట్టే దాకా, అంటే దాదాపు అర్ధశతాబ్దం, ఆ సంగతి లోకానికి తెలియలేదు.

ఇక వయాక్స్. దీని దగ్గర కాస్త ఆగాలి. కీళ్లనొప్పులకు మెర్క్ కంపెనీ 1999లో తెచ్చిన ఈ మాత్ర, రసాయన నామం రోఫెకాక్సిబ్, కడుపులో పుండ్లు చేయదన్న పేరుతో ప్రపంచమంతా పాకింది. ఎనిమిది కోట్ల మందికి పైగా వాడారు. ఆ పేరుకు పునాది 2000 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన విగర్ అనే ట్రయల్. ఎనిమిది వేల మందికి పైగా రోగుల్లో సగం మందికి వయాక్స్, సగం మందికి పాత మందు నాప్రోక్సెన్ ఇచ్చారు. కడుపు పుండ్లు తగ్గిన మాట నిజం. అయితే వయాక్స్ వాడినవారిలో 17 మందికి గుండెపోటు వచ్చిందని, నాప్రోక్సెన్ వాడినవారిలో నలుగురికే వచ్చిందని పత్రంలోనే ఉంది. రచయితలు దాన్నెలా వివరించారు? వయాక్స్ గుండెకు చెడు చేస్తోందని కాదు, నాప్రోక్సెన్ గుండెను కాపాడుతోందని! వయాక్స్ వైపు లెక్క నిజానికి 20 అనీ, మూడు గుండెపోట్లు పత్రంలోకి ఎక్కలేదనీ, ఆ సంగతి ప్రచురణకు ముందే కొందరు రచయితలకు తెలుసనీ జర్నల్ సంపాదకులు 2005 డిసెంబరులో బయటపెట్టారు. అప్పటికే, 2004 సెప్టెంబరు 30న, మెర్క్ ఆ మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. మన దేశంలో ఇదే మందును రకరకాల పేర్లతో అమ్మారు, 2004 డిసెంబరులో నిషేధించారు. వయాక్స్ కారణంగా అమెరికాలో అదనంగా 88 వేల నుంచి 1.40 లక్షల మంది దాకా తీవ్ర గుండెజబ్బు పాలై ఉంటారని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థలోనే పనిచేసిన డేవిడ్ గ్రాహం బృందం 2005లో అంచనా కట్టింది. మెర్క్ 2007లో 485 కోట్ల డాలర్లకు వేల కేసులు రాజీ చేసుకుంది.

ఇందులో కంపెనీ పాత్ర అందరికీ కనిపిస్తుంది. జర్నల్ పాత్ర కనిపించదు. విగర్ పత్రం రీప్రింట్లు, అంటే ఆ వ్యాసం విడి ప్రతులు, తొమ్మిది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కొన్నది ప్రధానంగా మెర్క్. మెడికల్ రిప్రజెంటేటివ్ చేతిలో రంగుల కరపత్రం కంటే ప్రపంచ ప్రసిద్ధ జర్నల్ ముద్ర ఉన్న నాలుగు కాగితాలకు విలువెక్కువ గదా! ఆ అమ్మకంతో జర్నల్‌కు లక్షల డాలర్లు వచ్చాయి. ఏ పత్రాన్ని వేయాలో, ఏది తిప్పి పంపాలో నిర్ణయించే సంస్థకు కొన్ని పత్రాలు వేస్తే పెద్ద ఆదాయం, కొన్ని వేస్తే ఏమీ రాదు. సంపాదకులకూ లెక్కల విభాగానికీ మధ్య గోడ ఉందని జర్నళ్లు చెబుతాయి. ఉండవచ్చు. రచయితల నుంచి జర్నళ్లు అడిగే ఆర్థిక వివరాలను జర్నళ్ల నుంచి కూడా పాఠకుడు అడిగితే తప్పేముంది?

గోడ అసలు లేని చోట ఏం జరిగిందో 2009లో ఆస్ట్రేలియాలో వయాక్స్ కేసు విచారణలో తేలింది. ఆస్ట్రలేషియన్ జర్నల్ ఆఫ్ బోన్ అండ్ జాయింట్ మెడిసిన్ అనే పత్రిక చూడటానికి అచ్చం పరిశోధనా జర్నల్‌లాగే ఉంది, పేరున్న ఎల్సెవియర్ సంస్థ ముద్ర ఉంది. లోపలంతా మెర్క్ మందులకు అనుకూలమైన వ్యాసాలే. డబ్బిచ్చింది మెర్క్. ఆ సంగతి పత్రికలో ఎక్కడా లేదు. ఇలాంటివి 2000-2005 మధ్య ఆరు వేశామని ఎల్సెవియర్ ఒప్పుకుంది.

ఇంతకంటే చవకబారు దారి మన హైదరాబాద్ దాకా వచ్చింది. పత్రం అచ్చు కావాలంటే పాఠకుడు కాక రచయితే రుసుము కట్టే పద్ధతి పెరిగాక, కాదనకుండా వేసేస్తే చాలు లాభం అనే జర్నళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ గ్రూపు మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. నిపుణుల పరిశీలన జరిగిందని అబద్ధం చెప్పడం, రుసుము సంగతి ముందుగా చెప్పకపోవడం, అడగకుండానే శాస్త్రవేత్తల పేర్లు సంపాదకవర్గంలో పెట్టుకోవడం ప్రధాన అభియోగాలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పు చెప్పింది. ఓమిక్స్‌ను మాత్రమే తిట్టి ఊరుకోలేం. పదోన్నతికి ఇన్ని పత్రాలు ఉండాలని వైద్య కళాశాలల అధ్యాపకులకు నిబంధన పెట్టి, పరిశోధనకు సమయం, నిధులు ఇవ్వకపోతే ఆ సరుకుకు గిరాకీ రాక ఏమవుతుంది?

వీటన్నిటికీ మందుగా వైద్యలోకం కనిపెట్టింది వెల్లడి. 1984లో ఆర్నాల్డ్ రెల్మన్ సంపాదకత్వంలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ మొదటిసారి రచయితలు తమ ఆర్థిక సంబంధాలు చెప్పాలంది. తరువాత పెద్ద జర్నళ్లన్నీ అదే దారి పట్టాయి. ఇవాళ ఏ పత్రం చివర చూసినా ఫలానా కంపెనీ నుంచి గౌరవ వేతనం, ఫలానా కంపెనీలో వాటాలు అంటూ చిన్న అక్షరాల్లో పెద్ద పేరాయే ఉంటుంది. దాచడం కంటే చెప్పడం నయమే. చెప్పేస్తే దోషం పోయిందనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది. 2005లో ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. జాడీలో చిల్లర ఎంతుందో దూరం నుంచి చూసి అంచనా వేయాలి. దగ్గరగా చూసిన సలహాదారు సాయం చేస్తాడు. అంచనా ఎంత పెరిగితే సలహాదారుకు అంత లాభం. ఆ సంగతి ముందే చెప్పేసిన సలహాదారులు, చెప్పని వారి కంటే ఎక్కువగా పెంచి చెప్పారు! చెప్పాల్సింది చెప్పేశాను, ఇక జాగ్రత్త పడాల్సింది నువ్వే అనే ధీమా వచ్చేసింది. విన్నవాళ్లు తగ్గించుకోవాల్సినంత తగ్గించుకోలేదు కూడా.

అదే న్యూ ఇంగ్లండ్ జర్నల్ 1990లో మరో అడుగు వేసి, కంపెనీతో సంబంధమున్న వారి చేత ఆ కంపెనీ మందులపై సంపాదకీయాలు, సమీక్షలు రాయించబోమంది. సంబంధం లేని నిపుణులు దొరకడం లేదంటూ 2002లో ఆ నిబంధన సడలించుకుంది. దీన్ని మించిన ఒప్పుకోలు ఇంకేం కావాలి? ఒక రంగంలో స్వతంత్ర నిపుణుడు దొరకడం లేదంటే ఎవరో నలుగురు చెడిపోయారని అర్థం చెప్పుకోలేం. రంగం మొత్తాన్ని అలా కట్టారని అర్థం.

కట్టిన తీరు ఫలితాల్లో కనిపిస్తుంది. కుంగుబాటు మందులపై అమెరికా నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన 74 ట్రయల్స్‌ను ఎరిక్ టర్నర్ బృందం 2008లో లెక్క తీసింది. మందు పనిచేసిందని సంస్థ తేల్చినవి 38. వాటిలో 37 జర్నళ్లకెక్కాయి. పనిచేయలేదనో, సందేహమనో తేల్చిన 36లో 22 అచ్చే కాలేదు. 11 మాత్రం పనిచేసిందన్నట్టుగా అచ్చయ్యాయి. మూడే మూడు ఉన్నదున్నట్టు వచ్చాయి. పుస్తకాలు, జర్నళ్లు శ్రద్ధగా చదివే మంచి డాక్టరు ఏం చేయగలడు? ఆయన చదివిన దాంట్లో తప్పు లేదు, ఆయనకు చేరని దాంట్లో ఉంది.

మన ఖమ్మం కథ వీటికి కొంచెం భిన్నం. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను జాతీయ కార్యక్రమంలోకి తేవచ్చా అని చూసేందుకు 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి టీకా వేశారు. భద్రాచలం ప్రాంతపు గిరిజన హాస్టళ్ల పిల్లలు అందులో ఎందరో. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి, టీకాలు కంపెనీ ఉచితంగా ఇచ్చింది, భారత వైద్య పరిశోధన మండలి భాగస్వామి. గుజరాత్‌లోని వడోదరలోనూ మరో కంపెనీ టీకాతో ఇదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. పాముకాటు, పురుగుమందు, నీట మునగడం లాంటివి వాటి కారణాలు.

అయితే 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదివితే మరణాలను పక్కన పెట్టినా మింగుడుపడనివి ఎన్నో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలు. కన్నవాళ్లకు కబురైనా లేకుండా వార్డెన్ సంతకంతో బిడ్డకు సూది! ప్రయోగాల్లో నైతికతకు దేశమంతటికీ మార్గదర్శకాలు రాసే మండలే ఇందులో భాగస్వామి. ఇక వేలెత్తి చూపేది ఎవరు? జరిగింది విచారించిన కమిటీకి తోడ్పడిన నిపుణుల విషయంలో కూడా విరుద్ధ ప్రయోజనాల ప్రశ్నను స్థాయీ సంఘం లేవనెత్తింది.

చివరికి నష్టపోయింది ఎవరు? టీకా మంచిదే. ఆ కేన్సర్‌ను అది అడ్డుకుంటుందని ఎన్నో దేశాల అనుభవం చెబుతోంది. అయినా ఖమ్మం పేరు చెబితే చాలు అనుమానం ముందు నిలిచేది. దశాబ్దానికి పైగా ఆ టీకా మన జాతీయ కార్యక్రమంలోకి రాలేకపోయింది. విరుద్ధ ప్రయోజనాలు చెడ్డ మందును మంచిదని నమ్మించగలవు, మంచి మందును నమ్మకుండానూ చేయగలవు. రెండోదాని గురించి ఎవరూ లెక్క తీయరు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ లాన్సెట్‌లో తట్టు టీకా మీద రేపిన భయం ఇంకా చల్లారలేదు. టీకా కంపెనీలపై దావా వేయబోయే న్యాయవాదుల దగ్గర ఆయన డబ్బు తీసుకుంటున్నాడని బ్రయన్ డీర్ అనే పాత్రికేయుడు బయటపెట్టాడు. కంపెనీలకు వ్యతిరేకంగా మాట్లాడేవారంతా నిస్వార్థులే అనుకోకూడదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఆ పత్రాన్ని లాన్సెట్ 2010లో గానీ రద్దు చేయలేదు.

మందుల కంపెనీలను ఆడిపోసుకుంటే పని జరగదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసింది లెడర్లీ అనే కంపెనీ ల్యాబులోనే. బోదకాలు నివారణకు ఇవాళ్టికీ ఊరూరా మింగిస్తున్న డీఈసీ మాత్ర ఆయన బృందం కృషే. లుకేమియా పిల్లలకు వాడిన అమైనోప్టెరిన్ కూడా అక్కడే తయారైంది. కానీ దాన్ని పిల్లలకిచ్చి పనిచేస్తుందా లేదా అని 1947-48లో తేల్చినవాడు బోస్టన్ పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బర్. ఆయన రాసిన పత్రం రోగి కొంతకాలం తేరుకుంటాడని చెప్పింది, ఆ ఉపశమనం తాత్కాలికమనీ చెప్పింది. తయారు చేసిన చెయ్యి ఒకటి, తేల్చి చెప్పిన చెయ్యి మరొకటి. కావలసింది ఆ ఏర్పాటే. తరువాతి దశాబ్దాల్లో రెండు చేతులూ ఒకరివే అయిపోయాయి. ట్రయల్‌కు డబ్బు, పథకం, అంకెల మీద హక్కు, చాలాసార్లు రాసే కలం కూడా కంపెనీదే. పెద్ద డాక్టరు పేరు పైన ఉంటుంది.

అలా కాకుండా నడిపిన పరిశోధనలు ఏం సాధించాయో కూడా చూడాలి. క్షయ అంటే మదనపల్లె ఆరోగ్యవరం లాంటి శానటోరియంలో నెలల తరబడి ఉండాల్సిందేనని అందరూ నమ్మిన రోజుల్లో, మద్రాసులోని క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ప్రభుత్వ సంస్థల డబ్బుతో పేదల మధ్య ట్రయల్ నడిపి, ఇంట్లో ఉండి మందులు మింగినా అంతే నయమవుతుందని 1959లో తేల్చింది. ఆ ఫలితం వల్ల లాభపడే కంపెనీ ఏదీ లేదు. 2020 జూన్‌లో వెంటిలేటర్ మీదున్న కొవిడ్ రోగుల మరణాలను డెక్సామెథాసోన్ మూడో వంతు తగ్గిస్తుందని చెప్పిందీ ప్రభుత్వ నిధులతో బ్రిటన్‌లో నడిచిన ట్రయలే. అతి చవకైన పాత మందు మీద ఏ కంపెనీ కోట్లు పోస్తుంది? ఇటలీ ఇందుకు ఒక దారి చూపింది. కంపెనీలు ప్రచారానికి ఖర్చుపెట్టే దాంట్లో ఐదు శాతం ప్రభుత్వ నిధికి కట్టాలని 2003లో చట్టం చేసి, స్వతంత్ర పరిశోధనలకు ఆ డబ్బు ఇస్తోంది. మందుల పరిశ్రమకు రాజధాని అని చెప్పుకునే హైదరాబాద్ ఉన్న దేశం ఆ పని ఎందుకు చేయకూడదు?

మన చట్టాల తీరు మరోలా ఉంది. డాక్టర్లకు కంపెనీలిచ్చే కానుకల ఖర్చుకు ఆదాయపన్ను మినహాయింపు కుదరదని 2022 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. జింకోవిట్ తయారుచేసే అపెక్స్ ల్యాబొరేటరీస్ కేసు అది. బంగారు నాణేలు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు, విదేశీ యాత్రలు ఎలా నడుస్తున్నాయో తీర్పులోనే ఉంది. 2023 ఆగస్టు మొదట్లో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి తెచ్చి, మూడు వారాలకే పక్కన పెట్టింది. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి ప్రకారం కంపెనీ మీద ఫిర్యాదు వస్తే విచారించేది కంపెనీల సంఘం వేసే కమిటీ! అమెరికాలో ఏ డాక్టరుకు ఏ కంపెనీ ఎంత ఇచ్చిందో 2014 నుంచి ఎవరైనా చూసుకోవచ్చు. అలాంటి పట్టిక మన దేశంలో లేదు. దాన్ని తేవడానికి పార్లమెంటు కదలాలి. అప్పటిదాకా తమ అనుబంధ కళాశాలల్లో జరిగే ప్రతి పరిశోధనకు డబ్బు ఎక్కడిదో ప్రకటించాలని ఎన్టీఆర్, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు అడగడానికి ఢిల్లీ అనుమతి అవసరం లేదు.

పాఠకుడి చేతిలోనూ కొంత ఉంది. మీకో, మీ ఇంట్లో వారికో కొత్త మందు ట్రయల్‌లో చేరమని ఆసుపత్రిలో చెబితే సంతకం పెట్టే ముందు సమాచార పత్రం మీకు తెలిసిన భాషలో అడగండి. సంతకం చేసిన అంగీకార పత్రం కాపీ మీకివ్వడం 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం వారి బాధ్యత. నష్టం జరిగితే వైద్యం, పరిహారం ఎవరు ఇవ్వాలో, ఎథిక్స్ కమిటీని ఎలా కలవాలో అందులో ఉండాలి. సీటీఆర్ఐ, అంటే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, నంబరు కూడా అడగండి. దేశంలో మందుల ట్రయల్స్‌ను ఆ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి. ఆ నంబరుతో వెతికితే ట్రయల్‌కు స్పాన్సర్ ఎవరో, డబ్బు ఎవరిదో కనిపిస్తుంది. అందుకు రుసుమేమీ లేదు.